సర్పంచి ఎన్నికలో 1, 2, 3 వేయించి చూద్దామంటే

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో డిగ్రీ చదివి ఓటు నమోదు చేయించుకున్న వాళ్లకు ప్రాధాన్యతా ఓటు కొత్తేమీ కాదు. ఆరేళ్లకోసారి ప్రకాశం–నెల్లూరు–చిత్తూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక వస్తుంది. టీచర్లకు వాళ్ల స్థానం వేరుగా ఉంది. అక్కడ ఈవీఎం ఉండదు, ముద్ర కొట్టడమూ ఉండదు. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా 1, ఆ తర్వాత నచ్చిన వాళ్లకు వరుసగా 2, 3 వేయాలి. ఇదే పద్ధతి సర్పంచి ఎన్నికకు తేవాలని నేను గట్టిగా అనుకుంటాను. అయితే ఎమ్మెల్సీ బ్యాలెట్‌ను ఉన్నదున్నట్టు ఊళ్లోకి దించితే చెల్లని ఓట్లు గుట్టలు పడతాయి. మార్చాల్సినవి ఏమిటో, ఎక్కడ తేడా కొడుతుందో వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క. ఊహించిన ఊరే అనుకోండి, చెల్లిన ఓట్లు 1,900. నలుగురు పోటీ. ఉంగరం గుర్తుకు 720, కత్తెరకు 610, బ్యాటుకు 410, టేబులుకు 160. ఇప్పటి పద్ధతిలో ఉంగరం గెలిచి ఊరేగింపు కూడా అయిపోతుంది, 1,180 మంది వేరే వాళ్లను కోరుకున్నా సరే.

ప్రాధాన్యతా పద్ధతిలో ఒకే పదవికి కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు, ఇలా కడతారు: చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలపాలి. ఇక్కడ 951. ఎవరికీ అన్ని రాలేదు కాబట్టి అందరికన్నా తక్కువ వచ్చిన టేబుల్ ఎలిమినేట్ అవుతుంది. ఆ 160 బ్యాలెట్లు మళ్లీ తీసి రెండో ప్రాధాన్యం చూస్తారు. ఉంగరానికి 40, కత్తెరకు 50, బ్యాటుకు 45 పోయాయనుకుందాం. మిగతా 25 మంది రెండో అంకె వేయనే లేదు. అవి ఇక ఎవరికీ బదిలీ కావు, ఎగ్జాస్ట్ అయిన ఓట్లని విడిగా కట్ట కడతారు. ఇప్పుడు ఉంగరం 760, కత్తెర 660, బ్యాటు 455. బ్యాటు కూడా పోయింది. దాని 455లో కత్తెరకు 300, ఉంగరానికి 95 వెళ్లి, 60 ఎగ్జాస్ట్ అయ్యాయి. కత్తెర 960, ఉంగరం 855. కత్తెర గెలిచింది.

ఇది కాగితం మీది లెక్కే అనుకోనక్కర్లేదు. 2023 మార్చిలో మన పక్కనే ఉన్న కడప–అనంతపురం–కర్నూలు పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్య ఓట్లలో వైసీపీ అభ్యర్థి ముందున్నారు. ఎలిమినేషన్లు మొదలై రెండో ప్రాధాన్య ఓట్లు కలుస్తూ వచ్చాక టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి గెలిచారు.

పల్లెలో దీనివల్ల వచ్చే పెద్ద మేలు పోలింగ్ రోజున కాదు, నామినేషన్ల ఉపసంహరణ రోజున కనిపిస్తుంది. 'నువ్వు నిలబడితే మనవాళ్ల ఓట్లు చీలి వాడు గెలుస్తాడు, తప్పుకో' అని పెద్దమనుషులు కూర్చోబెట్టి చెప్పే మాటకు బలం పోతుంది. ఎదుటివాళ్ల ఓట్లు చీల్చడానికి ఖర్చులిచ్చి నిలబెట్టే డమ్మీలకూ పని తగ్గుతుంది. మొదటిసారి పోటీ చేసే మహిళకో, చిన్న కులం నుంచి వచ్చే కుర్రాడికో 'నాకు 1 వేయండి, మీ పాతవాళ్లకు 2 వేసుకోండి' అని అడగడానికి దారి దొరుకుతుంది. ఈ ఒక్క కారణం చాలు నాకు.

ఇక చెడిపోయే చోట్లు. అన్నిటికన్నా ముందు బ్యాలెట్. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసే వాళ్లందరూ డిగ్రీ చదివినవాళ్లే, అయినా చెల్లని ఓట్లు వేలల్లో వస్తున్నాయి. 1 బదులు టిక్కు పెట్టడం, అంకె బదులు 'ఒకటి' అని అక్షరాల్లో రాయడం, ఇద్దరికి 1 వేయడం, సంతకం పెట్టడం, పోలింగ్ సిబ్బంది ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్ను పక్కన పెట్టి జేబులోని బాల్‌పెన్నుతో వేయడం. ఇందులో ఏది చేసినా ఓటు పోయినట్టే. 1 వేసి 2 వదిలేసి 3 వేస్తే కథ వేరు. మొదటి ఓటు చెల్లుతుంది, బదిలీ సమయానికి మాత్రం ఎగ్జాస్ట్ అవుతుంది. వరుస తెగకూడదని నిబంధన.

అందుకని ఊళ్లో అంకెలు రాయించడం కన్నా గడుల బ్యాలెట్ మేలు. సర్పంచికి వాడే గులాబీ కాగితం మీదే గుర్తు ఎదురుగా మూడు గడులు: మొదటి ఎంపిక, రెండో ఎంపిక, మూడో ఎంపిక. జనానికి చేయి అలవాటైన స్వస్తిక్ రబ్బరు ముద్రనే గడికొకటి కొడతారు. చదువు రాకపోయినా గుర్తును బట్టి, గడిని బట్టి వేయగలరు. మూడుకు మించి గడులు పెట్టొద్దు, కాగితం వెడల్పు చాలదు, పోలింగ్ కంపార్ట్‌మెంట్‌లో మనిషి తడబడతాడు.

గడులతో ఒక చిక్కు ఉంది. బ్యాలెట్‌ను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడతపెట్టమంటారు కదా. నిలువు మడతలో ఒక గడి సిరా అదే వరుసలోని ఇంకో గడికి అంటుకుంటుంది. మొదటి ఎంపికలో కొట్టింది మూడో ఎంపికలో కూడా కొట్టినట్టు కనబడుతుంది. దీనికి విరుగుడు ఆ ముద్రలోనే ఉంది. దాని బాణాలు ఒకే వైపు తిరిగి ఉంటాయి, అంటుకున్న మరక మీద ఎదురువైపు తిరిగి పడతాయి. లెక్కించేవాళ్లు బాణాల దిశ చూసి మరకను వదిలేయాలి. ఈ సంగతి ట్రైనింగ్‌లో అసలు ముద్ర కొట్టి, మడిచి, విప్పి చూపించాలి. నోటితో చెబితే ఎవరికీ బుర్రకెక్కదు. గడుల మధ్య ఒక వేలి వెడల్పు ఖాళీ వదిలి, మడత గీతను ఆ ఖాళీలో అచ్చు వేయిస్తే సగం బాధ తప్పుతుంది.

ఒకే గుర్తుకు మూడు గడుల్లోనూ ముద్ర కొట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు, అలా కొడితే ఓటు బలంగా పడుతుందని అనుకుంటారు. దాన్ని ఒక్క మొదటి ప్రాధాన్యంగానే లెక్కపెట్టాలి, చెల్లదనకూడదు. మొదటి గడి ఖాళీగా వదిలి రెండో గడిలో కొడితే? ఎమ్మెల్సీ నిబంధనల్లో 1 లేకపోతే ఓటే లేదు. అమెరికాలో ఈ పద్ధతి వాడే చాలా నగరాల్లో ఖాళీని దాటి తర్వాతి ఎంపికను ముందుకు జరుపుతారు. సర్పంచి ఎన్నికకు రెండోదే న్యాయం. ఏదైనా సరే, పోలింగ్‌కు ముందే రాసి గోడకు అంటించాలి. లెక్కింపు టేబుల్ దగ్గర తేల్చుకుందామంటే ఏజెంట్లు కొట్టుకుంటారు.

రెండో ఇబ్బంది లెక్కింపు. 2021 పంచాయతీ ఎన్నికల్లో మధ్యాహ్నం 3:30కి పోలింగ్ ముగిసి, 4 గంటలకు లెక్కింపు మొదలైంది. ఎలిమినేషన్ అనేది ఊరు మొత్తానికి జరగాలి కాబట్టి ఏ వార్డు టేబులూ తనంతట తాను రెండో రౌండుకు పోకూడదు. అన్ని వార్డుల మొదటి ప్రాధాన్యాలు ఒకచోట కూడి, ఎవరు పోవాలో రిటర్నింగ్ అధికారి చెప్పాకే కట్టలు విప్పాలి. అభ్యర్థికొక ట్రే, ఎగ్జాస్ట్‌కొకటి, చెల్లనివాటికొకటి పెట్టుకోవాలి. బదిలీ అయిన బ్యాలెట్లను పాత కట్టలో కలిపేయకుండా ఏ రౌండులో వచ్చాయో చీటీ పెట్టి విడిగా కట్టాలి. రీకౌంటింగ్ అడిగితే అవే ఆధారం. సిబ్బంది ఎక్కువగా చేసే పొరపాటు, రెండో ప్రాధాన్యం అప్పటికే పోయిన అభ్యర్థికి ఉంటే అతని ట్రేలోనే వేసేయడం. పై లెక్కలో బ్యాటు కాగితం మీద 2 టేబులుకు ఉంటే దాన్ని దాటి 3 చూడాలి. ప్రతి రౌండు చివర చెల్లనివి తప్ప మిగతా ట్రేలన్నీ ఎగ్జాస్ట్‌తో కలిపి 1,900 రావాలి. ఒక్కటి తగ్గినా ముందుకు పోకూడదు.

ఏ రౌండులోనైనా ఇద్దరికి సమానంగా అతి తక్కువ ఓట్లుంటే మొదటి ప్రాధాన్యాలు ఎవరికి తక్కువో వాళ్లు పోతారు. అవీ సమానమైతే లాటరీ.

మూడోది ప్రచారంలో జరిగేది. 'మా గుర్తుకే వేయండి, రెండోది ఎవరికీ వద్దు' అని పార్టీలు చెబుతాయి. పై లెక్కలో బ్యాటు కాగితాల నుంచి కత్తెరకు 300 బదులు 250 మాత్రమే వచ్చి, ఎగ్జాస్ట్ 110 అయితే కత్తెర 910 దగ్గర ఆగుతుంది, కోటా అందదు. ఉంగరాన్ని కూడా ఎలిమినేట్ చేసి, మిగిలింది ఒక్కరే కాబట్టి కత్తెర గెలిచినట్టు ప్రకటిస్తారు. కాబట్టి గెలిచినవాళ్లకు సగం పైన మద్దతు ఉండి తీరుతుందని జనానికి మాట ఇవ్వకండి. ఇదే పద్ధతి వాడిన అమెరికా నగరం బర్లింగ్టన్‌లో ఇంతకన్నా చేదు అనుభవం ఉంది. 2009 మేయర్ ఎన్నికలో మూడో స్థానంలో ఎలిమినేట్ అయిన ఆండీ మాంట్‌రోల్, మిగిలిన ఇద్దరితో విడివిడిగా పోల్చి చూస్తే ఇద్దరినీ ఓడించేవాడని బ్యాలెట్లే చెప్పాయి. మరుసటి ఏడాది ఆ ఊరి ఓటర్లు పద్ధతినే రద్దు చేశారు. అయినా ఇప్పటి మన లెక్కన్నా ఇది మెరుగే అంటాను. లోపం ఉందని ముందే ఒప్పుకుని దిగితే నమ్మకం నిలుస్తుంది.

చట్టం సంగతి. సర్పంచిని ఎన్నుకునే విధానం రాష్ట్ర శాసనసభ చట్టం చెప్పినట్టు ఉండాలని రాజ్యాంగం 243సి అధికరణం వదిలిపెట్టింది. కాబట్టి మార్చాల్సింది 1994 పంచాయతీరాజ్ చట్టాన్ని, ఎన్నికల నిర్వహణ నిబంధనల్ని. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. అమెరికాలో యూటా రాష్ట్రం 2018లో ఇష్టమున్న పట్టణాలే చేరేలా ప్రయోగ చట్టం చేసింది. 2019లో పేసన్, వైన్‌యార్డ్ అనే రెండే ముందుకొచ్చాయి, 2021కి ఇరవై దాటాయి. మనకూ అలాంటిదే కావాలి: తీర్మానం చేసిన పంచాయతీలు మాత్రమే, ఒక్క సర్పంచి పదవికి మాత్రమే.

ఆ చట్టం వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో ఒంగోలు లాయర్‌పేటలోనో కాలనీ సంఘం అధ్యక్ష పదవికి, జడ్పీ హైస్కూలు విద్యార్థి నాయకుడికి ఈ పద్ధతి పెట్టవచ్చు. రిజిస్టరైన సంఘమైతే ముందు బైలాస్ సవరించుకోవాలి. కార్యవర్గం అయిదుగురిని ఒకేసారి ఎన్నుకోవడం మొదటిసారికి వద్దు, గెలిచినవాళ్లకు కోటా దాటి వచ్చిన మిగులు ఓట్ల బదిలీ లెక్క అక్కడ చాలా కష్టం. అయిపోయాక చెల్లని ఓట్లన్నీ ఒకే కవర్లో కుక్కకుండా కారణాన్ని బట్టి విడదీయండి: మొదటి గడిలో ఇద్దరికి ముద్ర, గీత మీద ముద్ర, పూర్తి ఖాళీ, సంతకం. గీత మీద పడ్డవే ఎక్కువుంటే తర్వాతిసారి గడి పెద్దది చేయాలి. మొదటి గడిలో ఇద్దరికి పడ్డవే ఎక్కువుంటే నమూనా బ్యాలెట్‌తో ఇంటింటికీ తిరగాలి.