అవ్వ మాత్రల డబ్బా

అనంతపురంలో మా ఇంట్లో పగలంతా అవ్వ ఒక్కతే. పొద్దున మూడు మాత్రలు, రాత్రి రెండు. ఉగాదికి ముందు ఒకరోజు, వేసుకున్నానో లేదో గుర్తులేక బీపీ మాత్ర రెండోసారి వేసుకుని కళ్లు తిరిగి కూలబడింది. ఆ టెన్షన్ మళ్లీ వద్దనుకుని టైముకు మాత్రలు తనే వదిలే డబ్బా తయారుచేయడం మొదలుపెట్టాను.

ఆర్డునో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే స్టెప్పర్ మోటారు, 14 గదుల గుండ్రటి పళ్లెం. ఏడు రోజులు, రెండు పూటలు. కరెంటు పోయినా టైం తప్పకుండా బటన్ సెల్ ఉన్న డీఎస్ 3231 గడియారం పెట్టాను.

అసలు ఇబ్బంది లెక్కలో వచ్చింది. ఈ మోటారుకు ఒక చుట్టు 2048 స్టెప్పులు. 14తో భాగిస్తే శేషం మిగులుతుంది. గదికి 146 చొప్పున వేస్తే వారానికి నాలుగు స్టెప్పులు వెనకబడుతుంది. చూస్తే తెలియదు. రెండు నెలలకు గది అంచు మాత్రలు జారే రంధ్రానికి అడ్డమొచ్చి, సగానికి విరిచిన మాత్ర ఒకటి ఇరుక్కుపోయింది. పళ్లెం అడుగున చిన్న అయస్కాంతం అతికించి, ఎదురుగా అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సార్ పెట్టాను. ఇప్పుడు ప్రతి చుట్టూ సున్నా నుంచే మొదలవుతుంది.

నిన్న రాత్రి ఎనిమిదికి బజర్ మోగింది. అవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుని, మాత్రలు అరచేతిలో పోసుకుని వేలితో కదిపి చూసింది.

"రెండే కదా నాయనా?"

"రెండే అవ్వా."