నెగెటివ్ మెసేజ్ వచ్చాక

2021 మే 2, ఆదివారం పొద్దున్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, కొవిడ్ పరీక్షలో నెగెటివ్ అని. అప్పటికి ఐదు రోజులుగా మేడ మీద గదిలో ఒక్కడినే ఉంటున్నాను. గబగబా కిందికి దిగి అమ్మ పక్కన కూర్చుని ఇడ్లీ తిన్నాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఇంకా వెచ్చగానే ఉందిరా" అంది. "నెగెటివ్ వచ్చిందమ్మా, ఇది మామూలు జ్వరమే" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇదంతా ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ ఒక్క మాట కోసమే.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వనామీ రొయ్యల చెరువులు చేస్తాం. జనం నోట ఆర్‌టీపీసీఆర్ అనే మాట 2020లో వినిపించింది గానీ వైరస్‌ని పట్టుకునే ఆ పీసీఆర్ పరీక్ష మా రొయ్యల రైతులకి అంతకు చాలా ఏళ్ళ ముందే తెలుసు. హేచరీ నుంచి రొయ్య పిల్ల తెచ్చేముందు, రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్ ఉందో లేదో భీమవరం ల్యాబుల్లో చూపిస్తాం. ల్యాబ్ కుర్రాడు నాకు ఎప్పుడో చెప్పాడు: పిల్లలో నూటికి ఐదింటికి జబ్బుంటే 60 పిల్లలు తీసి చూసినా దాదాపుగా దొరికిపోతుంది, నూటికి రెండింటికే ఉంటే 150 అయినా తియ్యాలి, తక్కువ తీస్తే రిపోర్టు నెగెటివ్ వస్తుంది గానీ జబ్బు చెరువులోకి దిగుతుంది అని. అలా నెగెటివ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని, నలభయ్యో రోజున చెరువు ఖాళీ చేసుకున్న వాళ్ళని నేనే చూశాను. అంత తెలిసినవాడిని, నా ఒంటి విషయంలో మాత్రం ఆ మెసేజ్‌ని గుడ్డిగా నమ్మేశాను.

జ్వరం ఏప్రిల్ 27 రాత్రి మొదలైంది. దాళ్వా కోతలు అయిపోతున్న రోజులు, ఎటు చూసినా కొవిడ్ వార్తలే. మర్నాడే పరీక్షకి వెళ్ళాను. ముందు ర్యాపిడ్ పరీక్ష చేశారు, నెగెటివ్. "లక్షణాలున్నాయి కాబట్టి ఇది లెక్కలోకి రాదండి, ఆర్‌టీపీసీఆర్‌కి కూడా ఇవ్వండి" అంది అక్కడి సిస్టర్. ఆవిడ చెప్పింది సరైన మాటే. ర్యాపిడ్ కిట్ వాడకానికి 2020 జూన్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చిన సూచనల్లోనే ఆ నియమం ఉంది. జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 50 నుంచి 84 మందిని మాత్రమే ఆ కిట్ పట్టుకోగలిగిందని అందులోనే రాశారు. అంటే అది పాజిటివ్ అంటే నమ్మొచ్చు, నెగెటివ్ అంటే మళ్ళీ చూసుకోవాలి.

ఆర్‌టీపీసీఆర్ కోసం ముక్కులోకి పుల్ల పెట్టినప్పుడు మంట పుట్టి తల వెనక్కి లాగేశాను. పుల్ల లోపలి దాకా వెళ్ళలేదని నాకే తెలిసింది. వెనక చాంతాడంత లైను ఉంది, ఆ సిస్టర్ పొద్దుటి నుంచి పీపీఈ కిట్‌లో చెమటలు కక్కుతోంది. "ఇంకోసారి తీయండమ్మా" అని నేను అడగాల్సింది. అడగలేదు.

నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గలేదు కదా, ఇంకేదో ఉండాలని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రక్తం ఇచ్చాను. వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ అని వచ్చింది. మా గోదావరి జిల్లాల్లో జ్వరం వస్తే వైడాల్ చేయించడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి పోయిన వాళ్ళకీ, ఒక్కోసారి వేరే జ్వరాల్లోనూ అది పాజిటివ్ చూపిస్తుందని తర్వాత పెద్ద డాక్టరు చెప్పారు. లేనిదాన్ని ఉందని ఒక కాగితం, ఉన్నదాన్ని లేదని ఇంకో కాగితం. రెండూ కలిసి నా ఇంటిల్లిపాదికీ ధైర్యం ఇచ్చేశాయి. మూడు రోజులు అమ్మతో కలిసి తిన్నాను, ఆవిడ గదిలోనే ఫ్యాన్ కింద పడుకున్నాను.

మే 4 రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. ఊపిరి అందుతున్నట్టే ఉంది, కానీ చాలడం లేదు. రొయ్యల రైతుకి ఆ వేళ అంటే భయం. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. మంచం మీద కూర్చుని అదే గుర్తు తెచ్చుకున్నాను. తమ్ముడు పక్కింటి నుంచి ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెట్టాడు. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 93. ఆరు నిమిషాలు వరండాలో నడిపించి మళ్ళీ పెడితే 88. "అన్నయ్యా, ఇది టైఫాయిడ్ కాదు" అన్నాడు వాడు.

మే 5 నుంచే మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పొద్దున్నే భీమవరం వెళ్ళి సిటీ స్కాన్ తీయించాం. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు 25కి 12. ఊపిరితిత్తుల్లో అక్కడక్కడ, అద్దం మీద ఆవిరి పట్టినట్టు తెల్లటి మచ్చలు. డాక్టరు గారు నెగెటివ్ మెసేజ్ చూసి ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేశారు. "ఇది ఆ రోజు ఆ పుల్లకి అంటినదాని గురించి చెబుతుందండి. మీ గురించి చెప్పదు" అన్నారు.

కానీ బెడ్డు కోసం వెళ్ళిన మొదటి ఆసుపత్రిలో మాకు తలుపు తెరుచుకోలేదు. పాజిటివ్ రిపోర్టు లేదు కాబట్టి కొవిడ్ వార్డులో చేర్చుకోరు. స్కాన్‌లో కొవిడ్‌లా ఉంది కాబట్టి మామూలు వార్డులో పెట్టరు. కారులో 89 చూసుకుంటూ గంటన్నర కూర్చున్నాం. పాజిటివ్ రిపోర్టు లేకపోయినా అనుమానిత కేసుగా చేర్చుకోవాల్సిందేనని కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇచ్చింది మే 8న. ఆ మూడు రోజుల ముందే నాలాంటి వాళ్ళు ఎంతమంది కార్లలోనూ ఆటోల్లోనూ అలా కూర్చున్నారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. చివరికి స్కాన్ తీయించిన డాక్టరు గారే ఫోన్ చేసి ఇంకో చోట బెడ్డు ఇప్పించారు.

ఆక్సిజన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, బోర్లా పడుకోవడం. ఆరు రోజులు అదే పని. మే 6న మళ్ళీ స్వాబ్ తీశారు. ఈసారి తల కదపలేదు, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మర్నాడు రిపోర్టు పాజిటివ్ వచ్చింది. అదే రోజు ఇంటి దగ్గర అమ్మకి జ్వరం మొదలైంది.

అమ్మకి అప్పటికి 67 ఏళ్ళు, షుగరు కూడా ఉంది. ఏప్రిల్‌లో టీకా ఒక డోసు వేయించుకుంది. నేను ఆసుపత్రిలో మాస్కు కింద ఊపిరి తీసుకుంటూ, పూటకోసారి తమ్ముడికి ఫోన్ చేసి ఆవిడ శాచురేషన్ అడిగేవాణ్ణి. 96, 95, 95, ఒక రోజు 94. నా జబ్బు కంటే ఆ అంకెలకే ఎక్కువ వణికాను. దేవుడి దయ, 94 కిందికి దిగలేదు. ఇంట్లోనే మందులతో లేచి తిరిగింది. "నీ వల్లే వచ్చింది" అని ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు.

మే 14న, అక్షయ తృతీయ నాడు ఇంటికొచ్చాను. చెరువు గట్టు మీద ఒక చుట్టు తిరగడానికి నెలన్నర పట్టింది. మేత బస్తా విప్పితే వచ్చే నీచు వాసన జూన్ చివర్లో గానీ తెలియలేదు. స్టెరాయిడ్ వల్ల పెరిగిన షుగరు మెల్లగా దిగింది.

ఆ మంచం మీద రోజుల్లోనే ఈ పరీక్షల గురించి దొరికిందల్లా చదివాను. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో అంతకుముందు జరిగిన 7 అధ్యయనాల లెక్కలు కలిపి చూశారట. వైరస్ సోకిన మొదటి రోజున పీసీఆర్ దాన్ని దాదాపు పట్టుకోలేదు. లక్షణాలు మొదలైన రోజున నూటికి 38 మందిని వదిలేస్తుంది. మరో మూడు రోజులకి అది 20కి తగ్గుతుంది, ఆ తర్వాత మళ్ళీ పెరుగుతూ పోతుంది. అంటే బాగా దొరికే రోజున కూడా ఐదుగురిలో ఒకరు తప్పించుకుంటారు. నేను జ్వరం వచ్చిన మర్నాడే, అదీ సరిగ్గా తీయించుకోని శాంపిల్ ఇచ్చాను. ఈ లెక్క మెసేజ్‌తో పాటు ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే, "లక్షణాలుంటే విడిగానే ఉండండి" అని కింద రాసి ఉంటే, నేను మేడ దిగేవాణ్ణి కాదు.

ఆగస్టులో కొత్త పంటకి పిల్ల శాంపిల్ ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. "నెగెటివ్ అండి" అన్నాడు కుర్రాడు. ఎన్ని తీశావని అడిగితే 60 అన్నాడు. 150 తీసి మళ్ళీ చెయ్యమని, డబ్బు కట్టి, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ అరుగు మీద ఉంది. "ఏమొచ్చిందిరా?" అంది.

"నెగెటివ్ వచ్చిందమ్మా."

"రెండోసారి చూపించావా?"

"చూపించాకే వచ్చాను."

"అయితే కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను" అంది.