ధూల్‌పేటలో బకెట్ వికెట్లు

అమలాపురంలో బస్సెక్కి రాజమండ్రి, అక్కడ గోదావరి ఎక్స్‌ప్రెస్, తెల్లారేసరికి నాంపల్లి. కోనసీమలో ఒక హైస్కూల్లో పీఈటీని నేను. బడికి ఆటసామాను కొనాలని హైదరాబాద్ వచ్చాను. ఎల్బీ స్టేడియం చుట్టుపక్కల షాపులు తిరిగి వాలీబాల్ నెట్టు, బంతులు, క్యారమ్ బోర్డులు తీసుకుని పార్సిల్ వేయించేసరికి మధ్యాహ్నం దాటింది. క్రికెట్ వికెట్లు మాత్రం కుదరలేదు. నేలలో గుచ్చేవి మాకు పనికిరావు, మా బడి ఆవరణంతా సిమెంటే. స్ప్రింగు స్టాండుతో వచ్చేవి మా బడ్జెట్‌కి అందలేదు.

ఆ రోజు గురువారం. రాత్రి రైలుకి ఇంకా టైముంది కదా అని పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌కి ఆటో మాట్లాడుకున్నాను. 1578లో కుతుబ్‌షాహీలు మూసీ మీద కట్టిన వంతెన అది. ఆ చుట్టుపక్కలే ప్రతి గురువారం పాత సామాను సంత. కుళాయిలు, తాళాలు, సైకిల్ గొలుసులు, ఏ మిషన్‌లోంచి ఊడదీశారో తెలియని ఇనుప ముక్కలు రోడ్డు పక్కనే పట్టాల మీద పోసి ఉంటాయి. ఒక పట్టా దగ్గర స్కూలు యూనిఫామ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు పాత బేరింగుల్ని వేలికి తొడిగి తిప్పుతున్నారు, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. గరగరమన్నది పక్కన పడేస్తున్నారు. తోసుకుంటూ ఆడుకునే చెక్కబండి కోసమట. నేను డ్రిల్లు మాస్టారినని చెప్పి, ఆ బండి చూపిస్తారా అని అడిగితే, “రండి సార్, ధూల్‌పేటే, దగ్గరనే” అన్నారు.

శ్రావణంలో ధూల్‌పేట అంటే వినాయకుడి విగ్రహాలే. రంగులు పడని తెల్లటి వినాయకులు వానకి తడవకుండా ప్లాస్టిక్ పట్టాల కింద వరసగా ఉన్నారు. కుర్రాళ్ళ బండి బాగానే ఉంది కానీ, నా చూపు పక్క గల్లీలో జరుగుతున్న క్రికెట్ మీద పడింది. అది సిమెంట్ రోడ్డు. రోడ్డు మధ్యలో పాత పెయింట్ బకెట్, అందులో మూడు వికెట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి.

ఓవర్ అయ్యేదాకా ఆగి దగ్గరికెళ్ళాను. బకెట్ నిండా ప్లాస్టర్ ఆఫ్ పారిస్. అందులో ప్లాస్టిక్ పైపు ముక్కలు మూడు దించారు. విగ్రహాల లోపలి చట్రానికి వాడగా మిగిలిన కర్రల్ని చెక్కి ఆ పైపుల్లో నిలబెట్టారు. మొదట కర్రల్నే ప్లాస్టర్‌లో పాతేశారట. బంతి తగిలినా కదలవు, తగిలిందా లేదా అని రోజూ గొడవ. అందుకని పైపులు పెట్టారు. ఇప్పుడు గాలికి కూడా పడిపోతుంటే కర్రల అడుగున సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగువు సరిచేశారు. ఒక కర్ర పైకి లాగి మళ్ళీ దించి చూశాను. మరీ వదులూ కాదు, మరీ బిగుతూ కాదు. బంతి తగిలితే ఎగిరిపడేంతే.

ఇదంతా చేసింది ఏడో తరగతి అమ్మాయి. వాళ్ళ ఇంట్లో విగ్రహాలు చేస్తారు. “పీఓపీ కలిపినంక లేట్ చెయ్యద్దు సార్. గట్టిపడేటప్పుడు గరం అయితది. అప్పుడు పైపులు కదిలిస్తే ఖరాబే” అంది. కొత్తగా కొన్న టేపు నా సంచిలో ఉంది. కొలిచాను. నిబంధనల ప్రకారం మూడు వికెట్లూ కలిపి 9 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల ఎత్తు ఉండాలి. ఎత్తు కాస్త తగ్గింది కానీ వెడల్పు సరిగ్గా సరిపోయింది. ఎలా కొలిచావంటే, “మా నాయిన జానెడు” అంది.

వాళ్ళ బంతి కూడా చేతిలోకి తీసుకుని చూశాను. టెన్నిస్ బంతికి నూగు కనపడకుండా కరెంటు పని చేసేవాళ్ళు వాడే టేపు చుట్టారు. వానాకాలంలో ఉత్త టెన్నిస్ బంతి నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, టేపు చుడితే ఆ బాధ లేదు. పైగా నున్నగా జారి వేగంగా వస్తుంది. ఒకడి జేబులో సగానికే టేపు చుట్టిన బంతి ఇంకోటి ఉంది. నున్నటి వైపు, నూగు వైపు గాలి ఒకేలా జారదు కాబట్టి అది మధ్యలో పక్కకి తిరుగుతుంది. దాన్ని “సిరాజ్ బాల్” అంటున్నారు. భారత జట్టు ఫాస్ట్ బౌలర్ సిరాజ్ ఈ ఊరి ఆటోడ్రైవర్ కొడుకే, టెన్నిస్ బంతితో ఆడి పెరిగినవాడే. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకి 6 వికెట్లు తీస్తే శ్రీలంక 50కే కుప్పకూలింది. ఆ స్కోరు ఆ గల్లీలో అందరికీ నోటికొచ్చు.

ఇన్నేళ్ళుగా డ్రిల్లు పీరియడ్‌లో పిల్లలకి కిట్టు తెరిచి చేతికిస్తున్నాను. వికెట్టు ఎందుకు వదులుగా ఉండాలో, బంతి ఎందుకు తిరుగుతుందో వాళ్ళు నన్ను అడగరు. అడగాల్సిన అవసరమే రాదు. ఈ పిల్లలకి ప్రతి చిన్న సంగతీ ఆటలో గొడవగా ఎదురైంది, దాన్ని తీర్చుకోవడానికి ఏదో ఒకటి చేశారు. సైన్సు మాస్టారు చెప్పే పాఠం కన్నా ఇది ఏ రకంగానూ తక్కువ కాదని నా గట్టి నమ్మకం. ఈసారి మా బడిలో వికెట్లు కొనేది లేదు, పిల్లలతోనే చేయిస్తాను.

బకెట్ అంచున ప్లాస్టర్ ఒకచోట పగిలి ఉంది. బంతి దెబ్బలకి అలా అవుతోందట.

“మళ్ల చేసేటప్పుడు కొబ్బరి పీచు కలుపుతం సార్. మూర్తులకు గట్లనే కలుపుతరు, పగలదు. గానీ పీచు కొనాలె” అంది ఆ అమ్మాయి.

“మాది కోనసీమమ్మా. పీచుకి కరువే లేదు” అన్నాను.

“గయితే మీ వికెట్లే మాకన్న గట్టిగుంటయ్ సార్” అని బ్యాటింగ్‌కి వెళ్ళిపోయింది.