హెచ్‌ఐవీ, మతిమరుపు, గుట్టు: కోనసీమలో డాక్టర్లకు శిక్షణ - నా అనుభవం

పీహెచ్‌సీ డాక్టర్లకు, కౌన్సెలర్లకు ఈ శిక్షణ ఇచ్చేటప్పుడు స్లైడ్ల దగ్గర ఎక్కువసేపు ఆగను. మొదటి గంటలోనే ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో మతిమరుపు, మెదడు మందగించడం కనిపెట్టే ఇంటర్నేషనల్ హెచ్‌ఐవీ డిమెన్షియా స్కేల్ చేయిస్తాను. చదువు రానివాళ్లకీ పనికొచ్చే పరీక్ష అది.

ముందు నాలుగు మాటలు, సెకనుకొకటి: కుక్క, టోపీ, చిక్కుడు, ఎరుపు. వెంటనే తిరిగి చెప్పించుకోవాలి. తర్వాత వాటం కాని చేత్తో బొటనవేలు, చూపుడువేలు బాగా విప్పి తాకించడం, 5 సెకన్లు. 15 సార్లు వస్తే 4 మార్కులు. ఆపైన అదే చెయ్యి బల్ల మీద పిడికిలిగా, అరచేయిగా, అంచు మీద నిలబెట్టి, 10 సెకన్లు. నాలుగు వరసలు తప్పులేకుండా వస్తే 4. చివర్లో ఆ మాటలు గుర్తుచేసుకోమనాలి. మాటకో మార్కు; ‘జంతువు’ అని అందించాక చెప్తే అర. మొత్తం 12లో 10, అంతకన్నా తక్కువ వస్తే లోతుగా చూడాలి.

ఇక్కడే తప్పులు జరుగుతాయి. కుడిచేతి వాటం మనిషిచేత కుడిచేత్తోనే చేయించేస్తారు. రెండుసార్లు అలవాటు చేయించకుండానే స్టాప్‌వాచ్ నొక్కేస్తారు. కోతలకో రొయ్యల షెడ్డుకో వెళ్లి వేళ్లు బిగుసుకుపోయినవాళ్లకు మార్కులు తగ్గితే అది మెదడు తప్పు కాకపోవచ్చు. ముందు ఆ వేళ్లు పట్టుకుని చూడాలి.

తగ్గాయని ‘హెచ్‌ఐవీ మెదడుకెక్కింది’ అని రాసెయ్యకూడదు. దిగులు, తాగుడు, థైరాయిడ్, బీ12, సిఫిలిస్ చూసుకోవాలి. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) తక్కువుండి తలనొప్పి, జ్వరం, మగత ఉంటే స్కేలు పక్కనపెట్టి అదేరోజు పెద్దాసుపత్రికి పంపాలి; మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అయితే రేపటిదాకా ఆగదు.

హెచ్‌ఐవీకి ఇచ్చే డోల్యుటెగ్రావిర్‌తో నిద్ర పట్టకపోతే మాత్ర పొద్దున్నకి మార్చితే చాలాసార్లు సరిపోతుంది. ఫిట్స్‌కి ఫెనిటోయిన్, కార్బమజెపిన్ మొదలుపెడితే మాత్రం రక్తంలో డోల్యుటెగ్రావిర్ పడిపోతుంది. వాటికి బదులు లెవెటిరాసెటమ్ మేలు, కాకపోతే చిరాకు, దిగులు పెరుగుతున్నాయేమో కనిపెట్టి ఉండాలి.

దిగులు ఎంతుందో చూసే ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దాన్ని ఎక్కువమంది దాటేస్తారు, ఎందుకంటే పక్కనే మొగుడో అత్తగారో కూర్చుని ఉంటారు. తోడు వచ్చినవాళ్లను బయటికి పంపడం కూడా పరీక్షలో భాగమే. అవునంటే ఒంటరిగా పంపెయ్యకూడదు. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 చీటీ మీద రాసివ్వాలి, చీటీలో జబ్బు పేరు ఉండకూడదు.

గుట్టు కాపాడమనే 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఇంట్లోవాళ్లకు చెప్పాలన్నా ఆ మనిషి సమ్మతి కావాలి, అది రాతలో ఉండాలి. దీనికి నటించి చూపిస్తాం. అత్తగారు అడుగుతుంది, ‘మా కోడలికేంటండీ డాక్టరుగారూ?’ అని. ‘ఆ అమ్మాయినే అడగమ్మా’ అంటే ఏదో ఉందని చెప్పేసినట్టే. ‘ఎవరి సంగతైనా వాళ్లకే చెప్తామమ్మా’ అనాలి. జలుబుకి వచ్చినవాళ్ల విషయంలోనూ అదేమాట అనడం అలవాటైతేనే ఈ కోడలి దగ్గర గొంతు తడబడదు.