పేతురు మాట నా నోట వచ్చింది

మా చిన్నమ్మాయికి డెంగీ జ్వరం తగ్గితే చెన్నూరు నుండి కడప మరియాపురంలోని ఆరోగ్యమాత (మరియమాత) సన్నిధికి చెప్పులు లేకుండా నడిచి వస్తానని ఆసుపత్రి వరండాలో నిలబడి మొక్కుకున్నాను. పిల్ల కోలుకుని మళ్ళీ బడికి పోతున్నది కనుక, ఈస్టరుకు ముందు వచ్చే ఈ పవిత్ర గురువారం నాడు ఆ మొక్కు తీర్చుకున్నాను.

దూరం పెద్దదేమీ కాదు గానీ, సాయంత్రపు పూజకు అందుకోవాలన్న ఆత్రంలో మిట్టమధ్యాహ్నం బయలుదేరడం నా పొరపాటు. దారిలో వంతెన దాటేసరికి కరిగిన తారు అంటుకుని అరికాళ్ళు బొబ్బలెక్కాయి. రోడ్డు పక్క పంక్చర్ దుకాణం ముందు కూలబడి, ట్యూబులు ముంచి చూసే తొట్టిలో కాళ్ళు పెట్టబోయాను. "వద్దన్నా, అవి మురికినీళ్ళు" అంటూ ఆ దుకాణం భాయ్, తాగడానికి కుండలో పెట్టుకున్న నీళ్ళు చెంబుతో తెచ్చి, నేను వారిస్తున్నా వినకుండా ఎదుట గొంతుక్కూర్చుని పోశాడు. తారు మరకలను కొబ్బరినూనెతో మెల్లగా తుడిచాడు. ఎక్కడికని అడిగి, చెబితే, "మా ఇంట్లోవాళ్ళు కూడా అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారు" అన్నాడు. పేరైనా అడగకుండా లేచి వచ్చేశాను.

దేవాలయం అప్పటికే కిక్కిరిసింది. ఫోనులో వీడియో తీసుకోవడానికి బెంచీలెక్కినవాళ్ళను, వారిని దిగమంటూ మైకులో పదేపదే వచ్చిన కేకలను తలచుకుంటే ఇప్పటికీ చిరాకేస్తుంది. స్తంభానికి ఆనుకుని నిలబడిన నా దగ్గరికి ఫాదరుకు తోడుగా ఉండే ఉపదేశి వచ్చి, యేసు శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా ఫాదర్ చేత కాళ్ళు కడిగించుకోవలసిన పన్నెండుమందిలో ఒకరు రాలేదనీ, నన్ను రమ్మనీ అడిగాడు. "ఈ కాళ్ళతోనా? నేను రాను" అన్నాను. అన్న తరువాతనే అది, తన కాళ్ళు కడగబోయిన యేసును వద్దన్న శిష్యుడు పేతురు మాటని తోచింది.

మన ఇళ్ళలో కాళ్ళు కడగడానికి ఒక దిశ ఉన్నది. మామ అల్లుడి కాళ్ళు కడిగి కన్యాదానం చేస్తాడు. శిష్యుడు గురువు కాళ్ళు కడుగుతాడు. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవడమూ ఉన్నది. గురువే నడుముకు తువాలు చుట్టుకుని శిష్యుల ముందు వంగడం మన లెక్కకు పూర్తిగా తలక్రిందులు. యేసు శిష్యులతో చేసిన చివరి భోజనం, కడరా భోజనం నాటి ముచ్చట చెప్పేటప్పుడు మిగతా మూడు సువార్తలు రొట్టె, పాత్రల గురించి చెబితే, యోహాను తన పదమూడవ అధ్యాయంలో ఆ చోట పళ్ళెమూ నీళ్ళూ పెట్టాడు. అడ్వెంటిస్టు సంఘానికి చెందిన మా బావమరిది వాళ్ళు రొట్టె తీసుకునే ముందు ప్రతిసారీ ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు. మా కథోలికులకు ఇది ఏటా ఈ ఒక్క రాత్రి, ప్రసంగం ముగిశాక జరుగుతుంది. 1955లో పోపు పన్నెండవ పియూస్ దీనిని సాయంత్రపు పూజలో చేర్చాడు. 2016లో పోపు ఫ్రాన్సిస్ నిబంధన సవరించాక స్త్రీలూ కూర్చుంటున్నారు; ఆ రోజు నా పక్కన కూర్చున్నది ఒక ముదుసలి అవ్వ.

నేను నిన్ను కడగకపోతే నాతో నీకు భాగం లేదని ప్రభువు పేతురుతో అన్న మాటను ఇన్నేళ్ళూ సేవ చేయడం గురించిన పాఠంగానే విన్నాను. కడిగించుకోవడమే కష్టమని కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. మిగిలినవాళ్ళందరూ ఇంట్లో కాళ్ళు రుద్దుకుని వచ్చారు. నిజానికి ఏటా అందరూ అట్లాగే వస్తారు. నా వంతు వచ్చేసరికి ఫాదర్ పగిలిన బొబ్బలను చూసి ఒక్క క్షణం ఆగి, నీళ్ళు చాలా నెమ్మదిగా పోసి, రుద్దకుండా తువాలుతో అద్ది, వంగి ముద్దు పెట్టుకున్నారు. ఆయన జుట్టులోంచి చెమట నా పాదం మీద పడింది. కొబ్బరినూనె వాసన ఆయనకు కూడా తెలిసే ఉంటుంది.

తరువాత దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే రొట్టె, అందుకున్నాను. జనం తోపులాటలో ఆరోగ్యమాత స్వరూపం ముందు నిలవగలిగింది కొవ్వొత్తి వెలిగించినంత సేపే.

రాత్రి ఆటోలో తిరిగి వస్తూ వంతెనకు ముందు డ్రైవరును నెమ్మదిగా పోనివ్వమన్నాను. దుకాణం మూసి ఉన్నది. చెంబు మాత్రం కుండ మీద బోర్లించి ఉన్నది.