స్లావాకి అడ్డుపడింది నీటి లోతే

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో యుద్ధనౌకల పుస్తకం ఏది దొరికినా నేను ముందు వెతికేది స్లావా అనే రష్యా యుద్ధనౌక పేరే. చాలావాటిలో రెండు లైన్లకి మించి ఉండదు. రష్యా పాత యుద్ధనౌకలంటే 1905లో జపాన్ చేతిలో సుషిమా సముద్ర యుద్ధంలో ఓటమితో కథ ముగించేస్తారు, అది నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే స్లావా అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

బొరొడినో తరగతిలో, అంటే ఒకే నమూనాలో కట్టిన ఐదు ఓడల్లో, ఇది ఐదోది. 1903లోనే నీళ్లలోకి దించారు గానీ, పనులన్నీ పూర్తయ్యేసరికి సుషిమాలో మిగతా నాలుగింటిలో మూడు మునిగిపోయాయి, అర్యోల్‌ని జపాన్ పట్టుకుపోయింది. 1906లో బ్రిటన్ అన్నీ పెద్ద ఫిరంగులే ఉన్న కొత్త రకం యుద్ధనౌక డ్రెడ్‌నాట్‌ని దించింది, దాంతో కొత్త ఓడ కాస్తా పాతదైపోయింది.

1908 డిసెంబర్ 28న ఇటలీలోని మెస్సీనాలో భూకంపం వచ్చినప్పుడు స్లావా, ఇంకో రష్యా యుద్ధనౌక త్సెసారెవిచ్ సిసిలీ దగ్గరే శిక్షణలో ఉన్నాయి. నావికులు వెంటనే వెళ్లి శిథిలాల్లోంచి మనుషుల్ని బయటికి తీశారు, స్లావా గాయపడినవాళ్లని నేపుల్స్ చేర్చింది. 1910లో దీని బాయిలర్లు పాడైతే జిబ్రాల్టర్ దాకా లాక్కెళ్లింది కూడా ఆ త్సెసారెవిచ్చే.

ఇక 1915 ఆగస్టు, మొదటి ప్రపంచయుద్ధ కాలం. బాల్టిక్ సముద్రంలోని రీగా సింధుశాఖలోకి జర్మన్లు రాకుండా దాని ముఖద్వారమైన ఇర్బె జలసంధిలో రష్యన్లు మందుపాతరలు పరిచారు, వాటిని తీసే ఓడల్ని కాల్చి తరమడమే స్లావా పని. కానీ జర్మన్ల వైపు నాసావ్, పోసెన్ అనే డ్రెడ్‌నాట్లు ఉన్నాయి, స్లావా గుండ్లు అంత దూరం పోవు. ఫిరంగుల్ని ఇంకా పైకెత్తే వీలు లేదు కాబట్టి ఓడనే వంచారు! ఒక పక్క గదుల్లోకి కావాలనే నీళ్లు వదిలి, 3 డిగ్రీలు ఒరగేసి, రెండో పక్క నుంచి కాల్చారు. ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెప్టెంబర్‌లో ఒక షెల్ తగిలి కెప్టెన్ వ్యాజెమ్‌స్కీ చనిపోయాడు, అయినా ఓడ అక్కడే నిలబడింది. తర్వాత ఫిరంగులు మరింత పైకి లేచేలా మార్చారు, దాంతో గుండు దాదాపు 21 కిలోమీటర్లు వెళ్లేది, అంటే ట్యాంక్‌బండ్ మీద పేలిస్తే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర పడేంత.

1917 అక్టోబర్ 17న ఆ సింధుశాఖకి ఉత్తరాన ఉన్న మూన్ జలసంధిలో ఎదురైనవి కోనిగ్, క్రోన్‌ప్రింజ్ అనే జర్మన్ డ్రెడ్‌నాట్లు. పెద్ద ఫిరంగులుండే ముందు టరెట్ (తిరిగే గోపురం) కాసేపటికే మొరాయించింది, మిగిలిన ఒక్క టరెట్‌తో ఎంతసేపని పోరాడతారు? నీటిమట్టం కింద దెబ్బలు తగిలి వెయ్యి టన్నులకి పైగా నీళ్లు లోపలికొచ్చాయి, ముందు భాగం బాగా కుంగిపోయింది. ఉత్తరానికి తప్పించుకోవాలంటే తవ్వి లోతు చేసిన సన్నటి కాలువ ఒక్కటే దారి. అంత కిందికి దిగిన ఓడ అందులో పట్టదు. ఒకప్పుడు ఓడని నిలబెట్టిన నీళ్లే ఈసారి దారి మూసేశాయి. అప్పటికి గ్రజ్దానిన్‌గా పేరు మారిన పాత తోడు త్సెసారెవిచ్ తప్పించుకుంది, స్లావాని మాత్రం సొంతవాళ్లే ఆ కాలువ దగ్గర పేల్చి ముంచేశారు.

దీన్ని ఓటమి అనేవాళ్లతో నేను ఎప్పటికీ ఒప్పుకోను. చేతికొచ్చిన కొద్దికాలానికే పాతదని పక్కనపెట్టాల్సిన ఓడ రెండేళ్ల పాటు ఆ సింధుశాఖకి కాపలా కాసింది. చివరికి 1935లో ఎస్టోనియా వాళ్లు దాన్ని ముక్కలు చేసి తుక్కు కింద తీసుకుపోయారు.