మైనస్ గుర్తు

మన కాలేజీ పాత విద్యార్థుల కలయిక సావనీర్‌కి ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్ళు ఫోన్ చేయగానే నాకు క్యాంటీన్ గుర్తు రాలేదు, హాస్టల్ మేడ మీద ఆ రాత్రీ గుర్తు రాలేదు (అది పొడుగోడు రాస్తాడులెండి). చెవిలో బ్లోయర్ హోరు మోగింది. ఫిజిక్స్ ల్యాబులో కిటికీ పక్కన ఎయిర్ ట్రాక్, దాని నిండా సూదిమొనంత కన్నాలు, వాటిలోంచి బ్లోయర్ ఊదే గాలి మీద తేలే గ్లైడర్లనే చిన్న దిమ్మెలు. వేలితో అలా తాకితే చాలు, ఆ చివరిదాకా ఒకే వేగంతో పోయేవి. కరెంటు పోతే టక్కున చతికిలబడేవి, అందరం ఒకేసారి "హో" అనేవాళ్ళం.

ఫస్టియర్ ఇంటర్నల్‌లో వచ్చిన లెక్క ఇప్పటికీ నోటికొచ్చు. 200 గ్రాముల గ్లైడరు సెకనుకి 0.6 మీటర్ల వేగంతో వెళ్ళి, కదలకుండా ఉన్న 400 గ్రాముల గ్లైడర్‌ని ఢీకొంది, అభిఘాతం పూర్తిగా స్థితిస్థాపకం (అంటే గుద్దుకున్నా గతిజశక్తి ఏమీ పోదు), తర్వాత వేగాలెంత? నేను 0.2, 0.4 అని రాశాను. మాస్టారు సున్నా వేశారు.

స్టాఫ్ రూముకెళ్ళి అడిగితే ఏమీ మాట్లాడకుండా తాళాలు తీసుకుని ల్యాబుకి నడిచారు. ఐదు దాటింది, అటెండరు ఊడుస్తున్నాడు. బ్లోయర్ వేసి, రబ్బరు బ్యాండు బిగించిన చిన్న గ్లైడర్‌ని తోశారు. అది పెద్దదానికి తగిలి, నెమ్మదిగా వెనక్కి, నా వైపే వచ్చింది.

"నువ్వు రాసినట్టయితే ఇది ముందుకే పోవాలి కదరా. ద్రవ్యవేగం చూడు, ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, మొత్తం మారకూడదు. ఢీకొనక ముందు 0.12, నీ జవాబులో 0.20. ఆ అదనం ఎక్కణ్ణుంచి వచ్చింది? గతిజశక్తి సరిపోయిందని ఆగిపోయావు. అందులో వేగాన్ని వర్గం చేస్తాం, వర్గం చేస్తే మైనస్ కనపడదు. నీ 0.2 ముందు మైనస్ ఉండాలి."

తర్వాత గ్లైడర్లకి సూదీ మైనమూ తగిలించి మళ్ళీ తోశారు. రెండూ అతుక్కుని 0.2తో మెల్లగా కదిలాయి. "ఇప్పుడు గతిజశక్తిలో మూడింట రెండు వంతులు పోయింది. ఎక్కడికి పోయిందో ఆలోచించుకుంటూ ఇంటికెళ్ళు" అన్నారు.

ఆ ఆలోచనే నా ఉద్యోగమైంది. పుణెలో కార్ల క్రాష్ టెస్టులు చేస్తాను. గంటకి 64 కిలోమీటర్ల వేగంతో కారు వచ్చి అడ్డుని గుద్దుతుంది, పోయే శక్తంతా ముందున్న రేకు నలగడానికే ఖర్చవ్వాలి, లోపల కూర్చున్న మనిషిదాకా రాకూడదు. గుద్దాక కారు కాస్త వెనక్కి వస్తుంది కూడా. కొత్తగా చేరిన పిల్లలు గ్రాఫ్ పట్టుకొస్తే, ముందు ఏ దిక్కుని ప్లస్ అనుకున్నారో అడుగుతాను. సెకండియర్, థర్డియర్ ఎలా గడిచాయో మాత్రం నిజంగా గుర్తు లేదు.

పోయినేడాది ఒక టెస్టు వీడియో మాస్టారికి పంపాను. వెంటనే ఫోన్ చేసి, "వెనక్కి ఎంత వేగంతో వచ్చిందిరా?" అన్నారు. చాలాసేపు మాట్లాడుకున్నాం. జనవరిలో మన కలయికకి వస్తానన్నారు.

కమిటీకి ఒక్కటే అడుగుతున్నాను. ల్యాబు తాళాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని ఆ రోజు ఒక గంట తెరిపించండి. బ్లోయర్ పాడైపోయి ఉంటే బాగుచేయించే ఖర్చు నాది.